చిన్న మందుల ఫ్యాక్టరీకి పర్యావరణ, సామాజిక బాధ్యత కలిసొస్తుందా, ఖర్చు పద్దుగానే మిగులుతుందా?

రెండోతరం (చర్చ మొదలుపెట్టినవారు)

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదు శివారులోని ఒక పారిశ్రామికవాడలో మా నాన్నగారు 1994లో పెట్టిన ఫ్యాక్టరీని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. పెద్ద మందుల కంపెనీలకు కావలసిన ఇంటర్మీడియట్లు, అంటే మందు తయారీ మధ్య దశలో వాడే రసాయనాలు, తయారుచేసి ఇస్తాం. కాంట్రాక్టు వాళ్ళతో కలిపి 62 మంది పనిచేస్తారు. ఏడాదికి సుమారు 40 కోట్ల అమ్మకం ఉంటుంది గానీ, మిగిలేది మాత్రం ముడిసరుకు ధరలు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది.

మా సరుకు కొనే కంపెనీ దగ్గర మందు కొనే ఐరోపా సంస్థ ఒకటి గత నెలలో మాకు కూడా ఒక ప్రశ్నావళి పంపింది. పదకొండు పేజీలు. వ్యర్థజలం ఎక్కడికి పోతుంది, సాల్వెంటులో (రసాయనాలను కరిగించే ద్రవంలో) ఎంత భాగం తిరిగి పడుతున్నారు, కాంట్రాక్టు కూలీలకు పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా, రాత్రి షిఫ్టులో రియాక్టర్ల దగ్గర ఎంతమంది ఉంటారు, వారికి చివరిసారి శిక్షణ ఎప్పుడు ఇచ్చారు అన్నవి అందులోని ప్రశ్నలు. ధర గురించి ఒక్కటీ లేదు.

నాన్నగారు చదివి పక్కన పెట్టేశారు. "ఊరి బడికి రెండు గదులు కట్టించాను, బోరు వేయించాను, బతుకమ్మకు అడిగినంత ఇస్తున్నాను, ఇంతకు మించిన బాధ్యత వీళ్ళకేం కావాలి" అన్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయలేను, ఎందుకంటే ఆ బడి గదులు నిజంగానే ఉన్నాయి, వాటిలో మా పనివాళ్ళ పిల్లలే చదువుకున్నారు. అయితే ఈటీపీ (వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు) విస్తరణకు, వాడిన సాల్వెంటును తిరిగి పట్టే రికవరీ కాలమ్‌కు కలిపి 2.6 కోట్ల కొటేషన్ నా బల్ల మీద ఉంది. ఆ డబ్బు పెడితే వ్యాపారానికి తిరిగి ఏమైనా వస్తుందా, లేక మంచి పేరు కోసం పెట్టిన ఖర్చుగానే పోతుందా? ఉపన్యాసాలు కాకుండా, దగ్గర నుంచి చూసినవారు రాస్తే మేలు.

---

లెక్కలమాస్టారు

ముందు ఒక చిక్కుముడి విప్పుతాను, ఎందుకంటే మన దగ్గర 'సీఎస్ఆర్' (కంపెనీల సామాజిక బాధ్యత) అనగానే 2 శాతం చట్టమే గుర్తుకు వస్తుంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, అమ్మకాలు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీలు గడిచిన మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. మీరు చెప్పిన అంకెలను బట్టి, లాభం 5 కోట్లు దాటనంత వరకు, అది మీకు వర్తించదు.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. వర్తించినా, మీ ఈటీపీ ఖర్చును ఆ 2 శాతంలో చూపలేరు. వ్యాపారం నడవడానికి మామూలుగా చేయవలసిన పనులు, కేవలం సొంత ఉద్యోగులకే లాభించే పనులు సీఎస్ఆర్ లెక్కలోకి రావని నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అంటే చట్టం దృష్టిలో బడి గదులు సీఎస్ఆర్, మురుగు శుద్ధి సీఎస్ఆర్ కాదు. మీకు వచ్చిన ప్రశ్నావళి దృష్టిలో ఇది సరిగ్గా తిరగబడింది. మీ నాన్నగారూ, ఆ ఐరోపా సంస్థా 'బాధ్యత' అన్న ఒకే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నారు. అందుకే ఒకరి జవాబు మరొకరికి అందడం లేదు.

ఇక దేశంలో మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక తప్పనిసరిగా ఇస్తున్నాయి. నీరు, విద్యుత్తు, వ్యర్థాలు, పనివాళ్ళ ప్రమాదాలు అన్నీ అంకెలతో రాయాలి. మీ సరుకు కొనే కంపెనీ ఆ జాబితాలో ఉంటే, ఐరోపా వాళ్ళు అడగకపోయినా రేపో మాపో వారే మిమ్మల్ని అడుగుతారు.

---

శుద్ధజలం

నేను ఇరవై రెండేళ్ళుగా బల్క్ డ్రగ్ (మందుల ముడి రసాయనాల) యూనిట్ల ఈటీపీలు నడిపించాను. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, తరువాత పరవాడ. ఈ ప్రశ్నను యజమానులు నన్ను అడిగినప్పుడల్లా ఈటీపీ దగ్గరికి కాకుండా స్టోర్సుకు తీసుకువెళ్తాను.

మీరు టొలుయీన్ అనే సాల్వెంటు వాడుతున్నారనుకుందాం. మీ రసాయన చర్యలో అది కరిగించడానికే తప్ప ఉత్పత్తిలో భాగం కాకపోతే, మొదటిసారి ట్యాంకు నింపిన తరువాత మీరు కొత్తగా కొనే ప్రతి డ్రమ్మూ మీరు పోగొట్టుకున్న డ్రమ్మే. ఉత్పత్తి పెరగకుండా నిల్వ అంతే ఉంటే, ఆ సరుకు మరెక్కడికీ పోయే వీలు లేదు. గాలిలోకి పోయింది, నీళ్ళలోకి పోయింది, లేదా అడుగున మిగిలే జిగురులో పోయింది. గాలిలోకి పోయినది మీ పనివాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, నీళ్ళలోకి పోయినది సీఓడీగా (నీటిలోని రసాయన కాలుష్యపు కొలతగా) మారి, ట్యాంకరు బిల్లుగా మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. ఒకే సరుకుకు కొనేటప్పుడొకసారి, పారేసేటప్పుడొకసారి డబ్బు కడుతున్నారన్నమాట. నేను చూసిన యూనిట్లలో ఈ లెక్క రాసి పెట్టుకున్నవి చాలా తక్కువ. కొనుగోలు రిజిస్టరు ఒక గదిలో, బ్యాచ్ షీట్లు ఇంకో గదిలో, ట్యాంకరు చలానాలు సెక్యూరిటీ దగ్గర ఉంటాయి, ఆ మూడింటినీ ఒక బల్ల మీద పెట్టేవాడు ఉండడు. అమెరికాలో 3ఎం కంపెనీ 1975లోనే కాలుష్యాన్ని పుట్టకముందే ఆపితే డబ్బు మిగులుతుందన్న సూత్రంతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో కొత్త తత్వమేమీ లేదు, ఉన్నదల్లా ఇలాంటి లెక్కే.

రెండో విషయం మన ప్రాంతానికి సంబంధించినది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఒక పత్రం ప్రచురించారు. సుమారు 90 యూనిట్ల వ్యర్థజలం చేరే ఆ కేంద్రంలో శుద్ధి అయిన తరువాత కూడా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. చికిత్స తీసుకునే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అక్కడి నక్కవాగు ఒడ్డు రైతులు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు, 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. అయినా ప్రపంచం చెవిన పడింది మాత్రం ఈ 31 మిల్లీగ్రాములే. ఆ తరువాతే మందులు కొనే ఆసుపత్రులు, ముఖ్యంగా ఉత్తర ఐరోపాలోనివి, 'ఈ మాత్ర ఎక్కడ, ఎలా తయారైంది' అని అడగడం మొదలుపెట్టాయి.

ఇందులో గమనించవలసిన మలుపు ఒకటి ఉంది. మన దేశంలో యాంటీబయోటిక్ అవశేషాలకు హద్దులు పెడుతూ 2020 జనవరిలో ముసాయిదా వచ్చింది, 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ హద్దులు లేవు. చట్టం వదిలేసింది కదా అని ఊపిరి పీల్చుకున్నవాళ్ళు ఉన్నారు. కొనేవాళ్ళు మాత్రం వదలలేదు. మందుల కంపెనీల సొంత కూటమి 2018లో పెట్టుకున్న హద్దులు ఆడిట్లలో అడుగుతూనే ఉన్నారు. మీకు వచ్చిన పదకొండు పేజీలకు మూలం అక్కడ ఉంది.

---

సందేహి

శుద్ధజలం గారి టొలుయీన్ లెక్కతో నాకు తగాదా లేదు. అయితే దాన్ని 'బాధ్యత' అనడం ఎందుకు? అది మంచి హౌస్‌కీపింగ్. డబ్బు మిగిలే పని ఎవరైనా చేస్తారు. అసలు పరీక్ష డబ్బు మిగలని చోట ఉంటుంది.

బాధ్యతగా ఉండే కంపెనీలు లాభాల్లో ఉన్నాయని చూపించే నివేదికలు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. అందులో ఏది ముందు, ఏది వెనుక? లాభం వచ్చిన కంపెనీకే చెట్లు నాటే తీరిక ఉంటుంది. ఆరు నెలలు జీతాలు ఇవ్వలేని కంపెనీ నివేదిక అచ్చు వేయించదు. బాగా ఖర్చు పెట్టి మునిగిపోయినవాళ్ళ కథను ఎవరూ సభల్లో చెప్పరు. వ్యాపారం పని లాభం చేయడమే, మిగతాది ప్రభుత్వమూ పౌరులూ చూసుకోవాలన్న మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదన 1970 నాటిది. అది నాకు పూర్తిగా నచ్చకపోయినా, అందులోని ఒక ప్రశ్నకు ఇప్పటికీ సూటిగా సమాధానం రాలేదు: అది ఎవరి డబ్బు?

మరొకటి, మన తెలుగువాళ్ళు మరచిపోకూడనిది. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది, దాని వెనుక ఉన్నది సత్యం కంప్యూటర్స్ స్థాపకులు. వారి కుటుంబ ఫౌండేషన్ గోదావరి జిల్లాల పల్లెల్లో మంచినీళ్ళ ప్లాంట్లు పెట్టింది. 2008లో ఆ కంపెనీకి సుపరిపాలనకు అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న ఛైర్మన్ లేఖ బయటికి వచ్చింది, ఏడు వేల కోట్ల రూపాయలకు పైబడిన తప్పుడు లెక్కలు తేలాయి, అవార్డు వెనక్కి తీసుకున్నారు. 108 నేటికీ ప్రాణాలు కాపాడుతూనే ఉంది. అంత గొప్ప సేవ ఆ కంపెనీని కాపాడలేకపోయింది. రెండోతరం గారూ, మీ నాన్నగారి బడి గదులను నేను తక్కువ చేయడం లేదు, కానీ మంచి పనుల పట్టిక చూసి ఒక కంపెనీ ఆరోగ్యం అంచనా వేయలేమని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

చివరిగా, వానాకాలం రాత్రి రెండు గంటలకు నాలాలోకి వదిలేసే పక్క ఫ్యాక్టరీవాడు మీకన్నా కిలోకు పది రూపాయలు తక్కువకు కోట్ చేస్తాడు. మీ బాధ్యత వాడికి లాభంగా మారుతుంది. దీనికి ఎవరైనా సమాధానం చెప్పాలి.

---

కర్రతోట

నాకు ఫ్యాక్టరీల సంగతి తెలియదు. మాది ఖమ్మం వైపు, పన్నెండెకరాల్లో జామాయిల్ వేశాను. సందేహి గారు 'డబ్బు మిగలని చోట పరీక్ష' అన్నారు కాబట్టి, డబ్బే ఒక పరిశ్రమను చెట్ల దాకా నడిపించిన కథ మా పక్కనే ఉంది, అది చెబుతాను.

భద్రాచలం దగ్గర సారపాకలోని కాగితం మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మొదట్లో అడవి వెదురే ఆధారం. 1988 జాతీయ అటవీ విధానం వచ్చి, కర్ర మీద ఆధారపడే పరిశ్రమలు తమ ముడిసరుకును అడవి నుంచి కాకుండా రైతుల దగ్గర పెంచించుకోవాలని చెప్పింది. చౌకగా వచ్చే వెదురు మీద బతికే మిల్లుకు అది పిడుగుపాటు. అప్పుడు వాళ్ళు చేసిన పని, మేలైన జామాయిల్ చెట్లను ఏరి, కొమ్మ కత్తిరింపుల నుంచి మొక్కలు పుట్టించడం. వాటినే మేం 'భద్రాచలం క్లోన్లు' అంటాం. విత్తనం మొక్కలతో ఒకే తోటలో ఒక చెట్టు తొడంత, పక్కది బొటనవేలంత ఉండేది. క్లోను తోటలో నిలబడి చూస్తే బారులు తీరిన స్తంభాల్లా ఒకే లావు ఉంటాయి. దిగుబడి రెండింతలకు పైగా వచ్చింది. నాలుగేళ్ళకు నరికితే మోడు నుంచి పిలకలు వచ్చి మళ్ళీ నాలుగేళ్ళకు కోతకు వస్తాయి, దున్నే ఖర్చు లేదు. వర్షాధారపు చెలక భూముల్లో పత్తి వేసి అప్పులపాలైన మాలాంటివాళ్ళు అటు మళ్ళాం.

2002లో ఆ మిల్లు ఐటీసీలో కలిసింది, అదే ఏడాది గుజ్జును తెల్లబరచడానికి నేరుగా క్లోరిన్ వాడే పద్ధతిని మానేశారు. మన దేశంలో ఆ మార్పుకు ముందు వరుసలో నిలిచిన మిల్లు అదే. కాగితాన్ని ఆహారపు పొట్లాలకు వాడేవాళ్ళు అలాంటి బోర్డునే అడుగుతారని తరువాత తెలిసింది.

వాళ్ళు దయతో ఈ పని చేశారని నేను అనను. ముడిసరుకు లేకపోతే మిల్లు మూతపడుతుంది. కానీ అవసరంతో మొదలైన పని నాలాంటి వేలమందికి ఆదాయమైంది, మిల్లుకు నలభై ఏళ్ళ ఆయుష్షు ఇచ్చింది. ఇక్కడ ఎవరి డబ్బు ఎవరికి పోయిందో సందేహి గారే తేల్చాలి.

పూర్తిగా పొగిడి వదిలేస్తే అబద్ధం చెప్పినవాడినవుతాను. జామాయిల్ వేసిన పొలం పక్కన బావిలో నీళ్ళు దిగిపోతాయన్న గొడవ మా ఊళ్ళో ఇంకా తెగలేదు. మా పక్క చేను ఆయన నాతో మూడేళ్ళు మాట్లాడలేదు. కర్ర కోతకు వచ్చినప్పుడు ధర చెప్పేది మేం కాదు. నేను ఒకసారి మధ్యవర్తికి అమ్మి, తూకంలోనూ డబ్బులోనూ నష్టపోయి, పది నెలలు తిరిగాను. కృష్ణా, ప్రకాశం వైపు సుబాబుల్ రైతులు ఇదే బాధతో ఎన్నిసార్లు రోడ్డెక్కారో పేపర్లలో చూశాం. కొనేవాడు మొక్క ఇచ్చేటప్పుడు చూపిన శ్రద్ధ, డబ్బు ఇచ్చేటప్పుడు కూడా చూపితేనే రైతు రెండోసారి ఆ తోట వేస్తాడు. వేయకపోతే మళ్ళీ ముడిసరుకు లేక ఇబ్బంది పడేది మిల్లులే.

---

పాతబ్యాంకరు

పారిశ్రామిక రుణాల విభాగంలో 31 ఏళ్ళు పనిచేసి విరమించాను. పక్క ఫ్యాక్టరీవాడి సంగతికి నా సమాధానం ఇది.

ఆయన కిలోకు పది రూపాయలు తక్కువకు ఇవ్వగలుగుతున్నాడంటే, ఆ పది రూపాయల నష్టభయాన్ని ఎవరో మోస్తున్నారన్నమాట. చాలాసార్లు ఆ ఎవరో మా బ్యాంకే. జల చట్టంలోని 33-ఏ సెక్షను కింద కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వు ఇచ్చి కరెంటు కోయించగలదు. కరెంటు పోయిన రోజు ఫ్యాక్టరీ ఆగుతుంది, వాయిదాలు మాత్రం ఆగవు. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండిబాకీ) అవుతుంది. ఒకసారి ఎన్‌పీఏ అయిన యజమానికి మళ్ళీ పరపతి పుట్టడం ఎంత కష్టమో ఇక్కడ చాలామందికి తెలుసు. నేను పనిచేసిన రోజుల్లో, బ్యాలెన్సు షీటు బ్రహ్మాండంగా ఉండి, సీఎఫ్ఓ (ఫ్యాక్టరీ నడపడానికి కాలుష్య మండలి ఇచ్చే అనుమతి) గడువు తీరిపోయిందని ఎవరూ చూడకుండా అప్పు ఇచ్చిన ఖాతా ఒకటి నాలుగు నెలల్లో మొండిబాకీ అయింది. ఆ తరువాత నేను ఏ యూనిట్‌కు వెళ్ళినా మొదట వెనుక గోడ దగ్గరికి నడిచేవాణ్ణి. మురుగు కాలువ రంగు, కాంట్రాక్టు కూలీల మరుగుదొడ్డి, ఈ రెండూ చూస్తే యజమాని మిగతా విషయాల్లో ఎలా ఉంటాడో తెలుస్తుంది. సందేహి గారు దీన్ని హౌస్‌కీపింగ్ అంటే నాకేమీ అభ్యంతరం లేదు.

పెద్ద ఎత్తున చూడాలంటే రెండు పేర్లు చాలు. తూత్తుకుడిలో ఏడాదికి 4 లక్షల టన్నుల రాగి తీసే స్టెరిలైట్ ప్లాంటు 2018 మేలో మూతపడింది. అప్పటి నిరసనల్లో పోలీసు కాల్పులకు 13 మంది చనిపోయారు. 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు కూడా తెరవడానికి ఒప్పుకోలేదు. శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసే మన దేశం దిగుమతి చేసుకునే దేశమైంది. ఆ కంపెనీ సామాజిక కార్యక్రమాలకు డబ్బు ఖర్చు చేయక కాదు, చుట్టుపక్కలవాళ్ళు దాని మాట నమ్మడం మానేశారు.

రెండోది మన విశాఖ. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. జాతీయ హరిత ట్రైబ్యునల్ ముందుగా 50 కోట్లు జమ చేయమంది. నిల్వ ట్యాంకులో వేడి అదుపు తప్పడం, పాలిమరీకరణను (స్టైరీన్ అణువులు తమంతట తాము గొలుసుకట్టడాన్ని) ఆపే రసాయనం చాలినంత లేకపోవడం అందుకు కారణాలని తేలింది. ఆ రసాయనం ఖరీదెంత, చల్లబరిచే యంత్రం రాత్రింబగళ్ళు నడిపితే అయ్యే కరెంటు ఎంత? దాని పక్కన పోయినదాన్ని పెట్టి చూడండి. ప్రాణాలకు వెల కట్టడం పాపం, కానీ వెల కట్టగలిగినవాటి లెక్క కూడా మనం వేయడం లేదు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా పోయారు. రెండోతరం గారూ, ఆ ప్రశ్నావళిలో రాత్రి షిఫ్టు గురించిన ప్రశ్న ఎందుకు ఉందో మీ నాన్నగారికి ఇవి చెప్పండి.

---

రొయ్యలచెరువు

భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నాణ్యత విభాగం చూస్తాను. మీకు వచ్చినలాంటి ప్రశ్నావళి మాకు పదేళ్ళ క్రితమే వచ్చింది. మేం నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెబుతాను.

రొయ్యల్లో నిషిద్ధ యాంటీబయోటిక్‌ల అవశేషాలు దొరుకుతున్నాయని, 2016లో ఐరోపా సమాఖ్య మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఎవరో కొందరు చెరువులో మందు చల్లినందుకు, చల్లనివాడి కంటైనరు కూడా రేవులో రోజుల తరబడి ఆగింది. సందేహి గారు అడిగిన పక్కింటి దొంగ ప్రశ్నకు ఇదీ ఒక జవాబే: వాడు దొరికిపోతే శిక్ష ఊరందరికీ పడుతుంది. అందుకే పట్టుబడికి ముందే చెరువు దగ్గర నమూనా తీసి పరీక్షించడం అలవాటైంది. ఇప్పుడు కాగితం లేనిదే మా కొనుగోలుదారు కుర్రాడు వల వేయనివ్వడు. మొదట్లో రైతులు తిట్టారు, ఇప్పుడు 'కాగితం ఉంది, రేటు ఎంతిస్తావు' అని వాళ్ళే బేరం మొదలుపెడుతున్నారు.

రెండోది పనివాళ్ళ సంగతి. రొయ్య తల తీసి, తొక్క ఒలిచేది ఆడవాళ్ళు. చేతులు రోజంతా ఐసు నీళ్ళలో ఉంటాయి. పూర్వం మా ప్లాంటులో సీజను మధ్యలోనే సగంమంది మానేసేవారు. కొత్తవాళ్ళ చేతిలో మాంసం ఎక్కువ పోతుంది, ముక్క విరుగుతుంది, విరిగిన ముక్కకు ధర ఉండదు. గ్లవ్స్ మార్చడం, గంటకోసారి చేతులు వెచ్చబెట్టుకోనివ్వడం, రాత్రి షిఫ్టు అయ్యాక బస్సులో ఊరి దాకా దించడం మొదలుపెట్టాక మానేసేవాళ్ళు తగ్గారు, విరిగిన ముక్కల డబ్బా కూడా తేలికైంది. మేనేజ్‌మెంటు వీటిని మొదలుపెట్టింది విదేశీ ఆడిట్ భయంతోనే. కొనసాగిస్తున్నది మాత్రం ఆ డబ్బా తూకం చూసి.

---

రెండోతరం

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. శుద్ధజలం గారు చెప్పినట్టు మూడు రిజిస్టర్లూ ఒక బల్ల మీద పెట్టాను. రెండు ఆదివారాలు పట్టింది. మేం కొత్తగా కొంటున్న టొలుయీన్ నెలకు 15 టన్నులు, అంటే సుమారు 83 డ్రమ్ములు. ఉత్పత్తిలో ఏడాదిగా పెరుగుదల లేదు, నిల్వ మారలేదు. మేం కొనే ధరకు అది నెలకు 14 లక్షలు. ఈ అంకెను నాన్నగారికి చూపించినప్పుడు ఆయన మొదట నమ్మలేదు, స్టోర్సు అతన్ని పిలిచి డ్రమ్ములు లెక్కపెట్టించారు. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

ఒక సందేహం మిగిలింది. 2.6 కోట్లూ ఒకేసారి పెట్టే శక్తి మాకు లేదు. దేనితో మొదలుపెట్టాలి?

---

శుద్ధజలం

కాలమ్‌తో మొదలుపెట్టండి, ఈటీపీ విస్తరణ ఆపండి. కారణం చెబుతాను. ఇప్పుడు మీ ఈటీపీ మీద పడుతున్న భారంలో కొంత మీరు వృథా చేస్తున్న సాల్వెంటుదే. అది తగ్గాక వచ్చే నీటిని కొలిచి, అప్పుడు ఎంత ఈటీపీ కావాలో నిర్ణయిస్తే కొటేషన్ చిన్నదవుతుంది. యంత్రాలు అమ్మేవాళ్ళు ఈ వరస చెప్పరు.

దానికన్నా ముందు, ఖర్చు లేనివి రెండు. ఉప్పు ఎక్కువగా ఉండే నీటిని, ఉప్పు తక్కువగా ఉండే నీటిని ఒకే గుంటలో కలపకండి. మొదటిది ఆవిరి యంత్రానికి, రెండోది సూక్ష్మజీవులు శుద్ధి చేసే బయలాజికల్ ట్యాంకుకు పోవాలి. కలిపితే సూక్ష్మజీవులు చస్తాయి, ఆవిరి ఖర్చూ పెరుగుతుంది. రెండోది, సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి సాల్వెంటును వేరుచేసే యంత్రం) మూతలు. చాలాచోట్ల పనివాడు తొందర కోసం మూత తెరిచే నడిపిస్తాడు, సాల్వెంటు అక్కడే ఆవిరైపోతుంది. మీరు రాత్రి పదకొండు గంటలకు చెప్పకుండా వెళ్ళి చూడండి, వాసనే చెబుతుంది.

---

సందేహి

నా మాటల్లో ఒకటి వెనక్కి తీసుకుంటాను, ఒకటి అలాగే ఉంచుతాను. హౌస్‌కీపింగ్ అని తేలిగ్గా అన్నాను. 83 డ్రమ్ములు ముప్ఫై ఏళ్ళుగా ఎవరి కంటా పడలేదంటే, ఆ పదకొండు పేజీల ప్రశ్నావళి లేకపోతే ఇకముందూ పడేవి కావు. బయటివాడు అడిగిన ప్రశ్న లోపలి వృథాను చూపించింది, అది ఒప్పుకోవాలి.

ఉంచుతున్నది ఇది. ఆ ఐరోపా సంస్థ పదకొండు పేజీలు అడిగింది, మరి కిలోకు ఒక్క రూపాయి ఎక్కువ ఇస్తుందా? సరఫరాదారుల బాధ్యత మీద ఐరోపా సమాఖ్య 2024లో చట్టం ఆమోదించింది, మరుసటి ఏడాదే అమలు వాయిదా వేసింది. అక్కడి గాలి మారితే ఇక్కడ అప్పు చేసి పెట్టిన యంత్రాల సంగతేమిటి? తిరిగి వచ్చేది వాళ్ళ దయ మీద ఆధారపడని పనులే ముందు చేయండి. కాలమ్ అలాంటిదే. మిగతావాటి దగ్గర వాళ్ళను ఒప్పందం అడగండి, కనీసం రెండేళ్ళకు.

---

పాతబ్యాంకరు

సందేహి గారితో ఏకీభవిస్తాను. కాలమ్‌కు అప్పు అడిగేటప్పుడు బ్యాంకుకు పర్యావరణం గురించి పేరాలు రాయకండి. పన్నెండు నెలల టొలుయీన్ కొనుగోలు పట్టిక ఒక్కటి పెట్టండి. మేనేజరుకు అది అర్థమవుతుంది.

---

రెండోతరం (ఐదు నెలల తరువాత)

చర్చను మధ్యలో వదిలేశానని ఇద్దరు సభ్యులు వ్యక్తిగత సందేశాల్లో అడిగారు, అందుకే జరిగినది రాస్తున్నాను.

కాలమ్‌కు 90 లక్షలు అయింది, అందులో అరవై బ్యాంకు ఇచ్చింది. నడవడం మొదలుపెట్టి ఏడు వారాలు. గత నెల మేం కొన్న టొలుయీన్ 8 టన్నులు. ఆవిరికి, కరెంటుకు అదనంగా అవుతున్నది తీసేసినా మిగులు కనిపిస్తోంది. సెంట్రిఫ్యూజ్ మూతల విషయంలో శుద్ధజలం గారు అన్నదే నిజమైంది, రాత్రి వెళ్ళినప్పుడు మూడింటిలో రెండు తెరిచే ఉన్నాయి. మూత తెరిచి నడిపిస్తే మోటారు ఆగిపోయే స్విచ్చులు పెట్టించాం. పనివాళ్ళు మొదటి వారం గొణిగారు, ఇప్పుడు తలనొప్పి తగ్గిందని వాళ్ళలో ఒకతను అన్నాడు. ఇన్నేళ్ళూ వాళ్ళకు తలనొప్పి వస్తోందని నాకు తెలియకపోవడం నాకు సిగ్గుగా ఉంది.

ఐరోపా వాళ్ళ తరఫున ఆడిట్ జరిగింది. 14 లోపాలు రాశారు. రేటు పెంచుతారా అని నేరుగా అడిగాను, లేదన్నారు. రెండేళ్ళ ఒప్పందం గురించి మధ్యలోని కంపెనీతో మాటలు నడుస్తున్నాయి, ఇంకా సంతకాలు కాలేదు. కాబట్టి సందేహి గారి ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ 14 లోపాల్లో తొమ్మిదోది చదివి నాన్నగారు లేచి ప్లాంటులోకి వెళ్ళారు. యాసిడ్ చిందితే కళ్ళు కడుక్కోవడానికి పెట్టిన షవరు ముందు ఆరు ఖాళీ డ్రమ్ములు అడ్డంగా పేర్చి ఉన్నాయని అందులో ఉంది. వాటిని తనే దగ్గరుండి తీయించి, కుళాయి తిప్పి చూశారు. నీళ్ళు రాలేదు. ప్లంబరు సాయంత్రానికి వచ్చాడు.